సున్నమా, ప్రైమరా

ఆదివారం ఆరాధన ముగిసి జనం చర్చి మెట్లు దిగేటప్పుడు, ఎవరు ముందుగా ఎవరి దగ్గరికి నడుస్తున్నారో చూస్తే చాలు, ఎవరి గిరాకీ ఎట్లా ఉందో తెలిసిపోతుంది. ఇది శాంసన్ లెక్క. నాచారం మెయిన్ రోడ్డు మీద రంగుల దుకాణం నడిపే మనిషి, ఆపైన ఆ డివిజన్ కార్పొరేటర్. జనం కాళ్లు ఏ పక్కకు తిరుగుతున్నాయో కనిపెట్టడమే రెండు పనుల్లోనూ అసలు విద్య అని అతని నమ్మకం.

గెలిచిన కొత్తలో ఆ మెట్ల మీద అతన్ని చెప్పులు తొడుక్కోనిచ్చేవారు కాదు. "వందనాలన్నా, మా గల్లీల మోరీ పొంగుతుంది", "అన్నా, స్తంభం మీద లైటు పోయింది" అంటూ చుట్టుముట్టేవారు. అతని భార్య నిస్సీ బైబిలు సంచి పట్టుకుని కారు పక్కన నిలబడి, మొగుడు ఎప్పుడు ఖాళీ అవుతాడా అని చూసేది. ఇప్పుడు కారు పక్కన నిలబడేది శాంసన్. జనం అతని ముందు నుంచే పోతారు. "వందనాలన్నా" అంటారు, కానీ ఆగరు. ఆగేది నిస్సీ దగ్గర.

"అక్కా, మా పోరి ఇంట్ల గోడ సగం బొమ్మలే వేసింది, ఏం జెయ్యమంటవ్?"

"సగమేనా? కడమ సగం ఎవరికి దాసి పెట్టింది?" అంటుంది నిస్సీ. అందరూ నవ్వుతారు. శాంసన్ కారు తాళం వేలికి తిప్పుకుంటూ ఆ నవ్వు చల్లారేదాకా చూస్తాడు.

ఎదురుగా ఇంకో రంగుల దుకాణం తెరిస్తే ఏం చేయాలో అతనికి తెలుసు. రేటు కాస్త తగ్గించాలి, మేస్త్రీలను కూర్చోబెట్టి చాయ్ తాగించాలి, సరుకు ఇంటికి చేర్చాలి. ఇంట్లోనే ఎదురు దుకాణం లేస్తే ఏం చేయాలో మాత్రం అతనికి ఎవరూ నేర్పలేదు.

నిజానికి ఆ దుకాణానికి పునాది తీసింది తనే. పెళ్లినాటికి నిస్సీ రామంతాపూర్‌లో ఒక ప్రైవేటు బళ్లో డ్రాయింగ్ టీచరు. శాంసన్ గెలిచాక, కార్పొరేటర్ పెండ్లాం ఒకరి కింద ఉద్యోగం చేస్తే ఏం బాగుంటుందని మాన్పించాడు. మానేసింది. కొన్నాళ్లు ఇంట్లో ఉంది. ఆ తరవాత, జీతం లేని పనికి నీకేం అడ్డమని, శనివారాలు సర్కారు బడికి పోయి పిల్లలకు బొమ్మలు నేర్పడం మొదలుపెట్టింది. బొమ్మలతో ఆగలేదు. పాటలన్నది, నాటకమన్నది. ఆడపిల్లలు బడిలో మరుగుదొడ్డి లేక నీళ్లు తాగడం మానేస్తున్నారని తెలుసుకుని, మొగుడి వెంటపడి దాన్ని బాగు చేయించింది. తల్లులను కూడగట్టింది. బస్తీలో చదువు మానేసిన ఆడపిల్లల ఇళ్లకు పోయి గడపల్లో కూర్చుంది. శాంసన్‌కి మొదట్లో అదంతా సంతోషంగానే ఉండేది. దుకాణం ముందు పందిరి వేస్తే నీడకు వచ్చినవాళ్లు సరుకు కూడా చూస్తారు కదా అనుకున్నాడు. నీడలో కూర్చున్నవాళ్లు పందిరినే మెచ్చుకుని పోతారని అనుకోలేదు.

గోడ సంగతి కూడా అట్లాగే మొదలైంది.

రంగుల దుకాణంలో షేడు తప్పిన డబ్బాలని కొన్ని పేరుకుంటాయి. మిషన్లో రంగు కలిపేటప్పుడు ఒక చుక్క ఎక్కువ పడితే చాలు, అడిగిన రంగు రాదు. కంపెనీ వెనక్కి తీసుకోదు, ఇంకొకరు కొనరు. సైనిక్‌పురిలో ఒక రిటైరు మిలిటరీ ఆయన గేటుకు బూడిద రంగు అడిగితే, శాంసన్ ఫోన్లో మాట్లాడుతూ కలిపి, ఊదా జీర కొట్టే ఒక వింత బూడిద రంగు తయారు చేశాడు. ఆయన మూత తీసి చూసి, ఒక్క మాట మాట్లాడకుండా మూత పెట్టి పోయాడు. ఆ డబ్బా ఇంకా దుకాణంలోనే ఉండేది. అట్లాంటివి వెనక గదిలో అటక దాకా ఉండేవి.

"బడి ప్రహరీ మీద పిల్లలతో బొమ్మలు వేయిస్త. గా డబ్బాలు నాకియ్యి" అని అడిగింది నిస్సీ.

మొండి సరుకు ఖాళీ అవుతుంది, పైగా మంచి పేరు. ఇంతకంటే మంచి బేరం ఎక్కడుంది? శాంసన్ తనే నిలబడి డబ్బాలు ఏరి ఇచ్చాడు. "ఎనామిల్ తీస్కో. నూనె రంగు. ఎండకు వానకు ఏం గాదు. ఎమల్షన్ అయితే రోడ్డు దుమ్ముకు ఏడాదిల మాసిపోతది."

పిల్లలు ఆ ప్రహరీ మీద, బడికి వచ్చే తోవలో రోజూ తమకు ఏం కనబడితే అది వేశారు. ఉప్పల్ వైపు పోయే షేర్ ఆటో, అందులోంచి బయటికి వేలాడే కాళ్లు, ఇండస్ట్రియల్ ఏరియా పొగగొట్టాలు, మెట్రో కింద పడుకున్న కుక్క, ఇడ్లీ బండి ఆమె, చిలకాకుపచ్చ బర్రె. బర్రె ఆకుపచ్చ ఎందుకైందని ఎవరైనా అడిగితే, "మా దగ్గర గా రంగే ఎక్కువుంది" అని చెప్పేవారు పిల్లలు.

గోడ పూర్తయ్యాక ఎమ్మెల్యే వచ్చాడు. శాంసన్ తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకుని, మైకులో నాలుగు మాటలు తయారు చేసుకుని వెళ్లాడు. శాలువా ఒకటే తెచ్చారు. అది నిస్సీ భుజాల మీదికి పోయింది. ఎమ్మెల్యే మైకు తీసుకుని, "మన నిస్సమ్మ చేసిన పని ఏ లీడర్ చెయ్యలే. ఆమె భర్త శాంసన్ కూడ ఈడనే ఉన్నడు, చప్పట్లు కొట్టున్రి" అన్నాడు. కొట్టారు. శాంసన్ చేతులు జోడించి నవ్వాడు. దండలు వేసే రోజుల్లో అలవాటైన నవ్వు, మొహం మీద దానంతట అదే నిలబడింది.

అందరూ ఫోటోలు దిగుతుంటే అతను గోడ పొడుగునా నడిచాడు. తన పేరు ఎక్కడా లేదు. పోనీలే, పేర్లెవరివీ లేవు. తన దుకాణం కోసం వెతికాడు. ఎడమ పక్కనుండే మిర్చి బజ్జీల బండి ఉంది. కుడి పక్కన పంక్చర్ దుకాణం ఉంది, వేలాడే టైర్లతో సహా. ఆ రెంటి మధ్య ఖాళీ. బూడిద రంగు పూసి వదిలేశారు. రంగు ఇచ్చినవాడి దుకాణానికే చోటు లేదు.

"నా దుకాణం ఏది?" అని ఇంటికి వచ్చాక అడిగాడు.

"సరిగ్గ చూడలే నువ్వు" అంది నిస్సీ, శాలువా మడత పెడుతూ. అంతలో ఆమెకు ఫోన్ వచ్చింది. ఆ మాట అక్కడే తెగిపోయింది. శాంసన్ మాత్రం దాన్ని తెంచలేదు. గల్లా పెట్టెలో చెల్లని నోటులా దాచుకుని, ఒంటరిగా ఉన్నప్పుడల్లా తీసి చూసుకునేవాడు.

దసరా సెలవులు పోయాక ఒక మధ్యాహ్నం గోపాలరావు దుకాణానికి వచ్చాడు. భీమవరం వైపు నుంచి ఎప్పుడో వచ్చి నాచారంలో స్థిరపడిన మనిషి. డివిజన్‌లో పార్టీ పనులు చూస్తాడు. ఏ కబురైనా పైనుంచి ఆయన నోటిగుండానే వస్తుంది.

ఆయన వచ్చే సమయానికి నారపల్లిలో కొత్త ఇల్లు కొన్న ఒకాయన కౌంటర్ దగ్గర బేరమాడుతున్నాడు. పాత నూనె రంగు గోడ మీద సున్నం కొట్టేస్తే సరిపోదా అని అతని వాదన.

"కొట్టుకో అన్నా, నాకేంది" అన్నాడు శాంసన్. "నూనె రంగును సున్నం పట్టుకోదు. రెండు బకెట్ల నీళ్లు పోసి రుద్దితే కిందిది మళ్ల పైకొస్తది. ప్రైమర్ కొట్టినవనుకో, కింద ఏముండెనో నీ మనవళ్లకు గూడ తెల్వదు."

ఆయన ప్రైమర్ తీసుకుని వెళ్లాడు. గోపాలరావు స్టూలు దగ్గరికి లాక్కుని, చాయ్ వచ్చేదాకా ఎండ గురించి మాట్లాడాడు. చాయ్ వచ్చాక గొంతు తగ్గించాడు.

"ఈసారి మన డివిజన్ రిజర్వేషన్ ఆడవాళ్లకి పడేట్టుందండీ. చీటీ తీస్తే గానీ తెలీదనుకోండి."

శాంసన్ నవ్వాడు. "పడనీ. మా ఇంట్ల లేరా ఆడోళ్లు? కుర్చీల ఆమె, ఫోన్ల నేను. అందరు చేసేదదే గదా."

"నేనూ అదే అన్నానండీ పైవాళ్లతో. వాళ్లు వేరే మాట అంటున్నారు." గోపాలరావు చాయ్ ఊదుకున్నాడు. "ఆడవాళ్లకి పడినా పడకపోయినా, ఈసారి మేడం గారికే ఇద్దామని."

ఎవరో స్కూటర్ హారన్ కొట్టుకుంటూ పోయారు. శాంసన్ గల్లా పెట్టె మూత వేశాడు.

"నాకేం తక్కువైంది?"

"మీరేం అనుకోకండి, చెప్తాను. బస్తీల్లో తిరిగి కనుక్కున్నారంట. మీ పేరెత్తితే జనం మోరీ గుర్తు చేస్తున్నారంట. ఆవిడ పేరెత్తితే వాళ్ల పిల్లల గురించి చెప్తున్నారంట. ఇంక మీరే ఆలోచించుకోండి."

"ఆమెకు ఈ సంగతి తెల్సా?"

"అదేంటండీ, పోయినవారమే మాట్లాడారుగా ఆవిడతో. ఇంట్లో అనలేదా?"

శాంసన్ గ్లాసు కింద పెట్టాడు. "అన్నది, అన్నది. నేనే మర్చిపోయిన" అన్నాడు. గోపాలరావు అతని మొహం చూసి, చాయ్ తాగేసి లేచాడు.

పోయినవారం మొత్తాన్ని శాంసన్ వెనక్కి తిప్పి చూసుకున్నాడు. బుధవారం కూర రెండోసారి వడ్డించింది. షర్టు గుండీ ఊడితే అడగకుండానే కుట్టింది. గోదాములో సరుకు దాచి, పైకి నవ్వుతూ మాట్లాడే హోల్‌సేల్‌వాడి మర్యాద లాంటిదన్నమాట అదంతా. ఇన్నేళ్లు ఒక కంచంలో తిని, తను కౌంటర్ పక్కన కూర్చోబెట్టుకుని దుకాణం నేర్పిన మనిషి, తన కుర్చీకి బేరం నడుస్తుంటే తనకు చెప్పలేదు. పదవి పోతుందన్న దిగులు ఒక పక్క ఉంది. దానికంటే ఎక్కువ కాల్చింది, వాళ్లు ఆమెను వెతుక్కుంటూ వచ్చారన్న మాట. తనెప్పుడూ టికెట్ వెతుక్కుంటూ పోయినవాడే. దానికోసం ఎన్ని గుమ్మాల ముందు నిలబడ్డాడో దేవుడికి తెలుసు.

ఎలక్షన్ వాసన తగిలితే హైదరాబాద్‌లో ముందుగా గోడలు తెల్లబడతాయి. ఏ పార్టీవాళ్లు ముందు సున్నం కొట్టి తమ పేరు రాసి 'రిజర్వ్' అంటే ఆ గోడ వాళ్లది. ఇల్లుగలాయనను అడిగే పనిలేదు. ఒకరు రాసిన గోడ జోలికి ఇంకొకరు పోకపోవడం అందరూ పాటించే మర్యాద. నాచారంలో ఈ రాతలన్నీ రాసేది పీటర్. ఏ పార్టీ పిలిచినా పోయి రాస్తాడు, అక్షరాలు గుండ్రంగా ముత్యాల్లా ఉంటాయి.

శాంసన్ పీటర్‌ని శనివారం పిలిపించాడు. నిస్సీ ఆ రోజు పిల్లలను తీసుకుని ఉప్పల్‌లో పాటల పోటీకి పోయింది.

"బడి ప్రహరీ రిజర్వ్ చెయ్యాలె."

"ఏ బడి అన్నా?"

"మన సర్కారు బడి."

పీటర్ చెవి గోక్కున్నాడు. "అది వదిన బొమ్మలేయించిన గోడ గదనే."

"సర్కారు గోడ అది. మెయిన్ రోడ్డు మీదుంది. మనం తీస్కోకుంటే అవతలోళ్లు తీస్కుంటరు. అప్పుడు గూడ బొమ్మలు పోతయి గదా?" పైకి చెప్తున్నప్పుడు ఆ మాట గట్టిగానే వినిపించింది. అందుకే శాంసన్ ఇంకోసారి చెప్పాడు.

"వదినకు చెప్పినవా?"

"నువ్వు రాసేటోనివా, అడిగేటోనివా?"

పీటర్ తల వంచుకుని, అలమారు కేసి చూశాడు. "సరే. కింద నూనె రంగుంది. ప్రైమర్ ఇస్తవా, సున్నమా?"

ప్రైమర్ డబ్బాలు శాంసన్ చేతికి అందే ఎత్తులోనే ఉన్నాయి. చెయ్యి అటు పోయింది కూడా. ఒక డబ్బా చెవి పట్టుకుని, తూకం చూస్తున్నట్టు కాస్త లేపి, మళ్లీ కింద పెట్టాడు.

"సున్నం చాలు."

"జిగురు కలపాల్నా?"

"అక్కర్లే."

"వాన పడితే?"

"వానకాలం ఎప్పుడో పాయె. చెప్పింది చెయ్యి, పీటర్."

పీటర్ అతన్ని ఒక్క క్షణం చూసి, సున్నం బస్తా భుజానికెత్తుకున్నాడు. సాయంత్రానికి బర్రె, పొగగొట్టాలు, ఆటోలో కాళ్లు అన్నీ తెల్లబడ్డాయి. ఆ తెలుపు మీద నీలిమందుతో ఈ చివరి నుంచి ఆ చివరి దాకా శాంసన్ పేరు, పక్కన 'రిజర్వ్'. శాంసన్ కారులోంచే చూసి పోయాడు. అక్షరాలు చాలా బాగా కుదిరాయి. మనసు మాత్రం కుదరలేదు. అప్పుకు సరుకు ఇచ్చి పంపిన సాయంత్రంలా ఉంది లోపల.

నిస్సీ ఇంటికి వచ్చేసరికి ఎవరో చెప్పే ఉంటారు. శాంసన్ కయ్యానికి సిద్ధపడి కూర్చున్నాడు. అవతలి పార్టీ మాట, మెయిన్ రోడ్డు మాట, ఆఖరున గోపాలరావు చెప్పిన మాట, అన్నీ వరసగా పేర్చి పెట్టుకున్నాడు. ఆమె కాళ్లు కడుక్కుని, చపాతీలు చేసింది. పోటీలో మన పిల్లలకు రెండో బహుమతి వచ్చిందని చెప్పింది. అంతే. కొనేవాడు రాని దుకాణంలో పేర్చిన సరుకులా అతని మాటలన్నీ అతని దగ్గరే ఉండిపోయాయి.

మర్నాడు చర్చి మెట్ల దగ్గర ఎవరూ నిస్సీ చుట్టూ కూడా మూగలేదు. దూరదూరంగా నిలబడి మాట్లాడుకున్నారు. పెద్దామె పాపమ్మ మాత్రం కర్ర పొడుచుకుంటూ నేరుగా శాంసన్ దగ్గరికి వచ్చింది. చాలా రోజుల తరవాత మెట్ల మీద అతని దగ్గర ఆగిన మొదటి మనిషి.

"కొడుకా, నీ పేరు మస్తు తెల్లగ కనబడుతుంది గోడ మీద."

"ఎలక్షన్లొస్తున్నయి గదా అవ్వా."

"అవును బిడ్డా. నా మనవరాలు ఆకుపచ్చ బర్రె వేసింది ఆడ. దానికి ఓటు లేదు, పాపం." అని ఆమె నడిచి వెళ్లిపోయింది.

ఇంటికి వెళ్లే దారిలో, బడి ముందు కారు ఆపమంది నిస్సీ. దిగి గోడ దగ్గరికి పోయి, వేలితో ఒక గీత గీసింది. వేలు చూసుకుంది. వచ్చి కూర్చుంది. కొంగుకు వేలు తుడుచుకుంటే తెల్లటి మరక పడింది.

అన్నం తిని లేచాక, కుర్చీ లాక్కుని అతని ఎదురుగా కూర్చుంది.

"గోపాలరావు సార్ చెప్పిండా నీకు?"

"నువ్వు చెప్పాలె గదా నాకు."

"చెప్పాలె. చెప్పలే. తప్పే." అంది. "నీ ముందరికొచ్చి, నీ గిరాకంతా నా కౌంటర్ దిక్కు వస్తుందని ఎట్ల చెప్తరు? రోజూ అనుకున్న. రోజూ నీ మొహం చూసి ఆగిపోయిన."

"ఏమన్నవ్ వాళ్లకు?"

శాంసన్ ఒక జవాబు కోసం చూశాడు. నాకొద్దని చెప్పిన, మా ఆయన్నే అడగమన్న, అని. అట్లా అని ఉంటే అతను ఈ క్షణంలోనే చల్లబడేవాడు. గోడ విషయంలో కూడా ఏదో సర్దిచెప్పేవాడు.

"ఆలోచించి చెప్త అన్న" అంది నిస్సీ. "వద్దనలే. నాకు కావాలెనని ఉంది."

అతను తల ఎత్తాడు.

"గట్ల చూడకు. నాకు ఆశ ఉండొద్దా? నువ్వు ఉద్యోగం మాన్పిస్తే మానిన. నువ్వు స్టేజీ మీద ఉంటే కింద నిలబడ్డ, నీ దండలు మోసిన. ఏ రోజన్న మొహం ముడిచిన్నా? నాకు ఒక్క శాలువా వస్తే నువ్వు రెండు నెలలు ముడిచినవ్."

"నేనేం ముడువలే."

"గోడకు సున్నం కొట్టినవ్."

పేర్చి పెట్టుకున్న వాదనల్లో అవతలి పార్టీ మాట ఒకటి మిగిలింది. దాన్ని తీయబోయి, ఈమె కౌంటర్‌లో కూర్చున్న మనిషి, ఏ సరుకు నకిలీయో చూడగానే చెప్తుందని గుర్తొచ్చి ఊరుకున్నాడు.

"పోటీ నుంచి వచ్చేటప్పుడే పీటర్ ఇంటికి పోయి అడిగిన నిన్న" అంది నిస్సీ. "ప్రైమర్ డబ్బా పట్టుకుని మళ్ల పెట్టినవంట. జిగురు గూడ వద్దన్నవంట. గందుకే నేను నిన్న గొడవ పెట్టుకోలే. ఇయ్యాల వేలు పెట్టి చూసిన, నిజమే. నువ్వు ప్రైమర్ కొట్టి ఉంటే నేను నీతోని మాట్లాడకపోదును. నిన్ననే వాళ్లకు ఊ అని, నా తోవ నేను చూసుకుందును."

"నాకు తెల్వక సున్నం ఇచ్చిననుకుంటున్నవా?"

"నీకు తెల్వకనా? దుకాణంల నాకు నేర్పిందే నువ్వు గదా, రెండు బకెట్ల నీళ్లని."

ఆమె నవ్వలేదు, కానీ మొహంలో పొద్దున్నుంచీ ఉన్న బిగువు కొంచెం వదిలింది. లేచి కంచాలు తీస్తూ అంది: "రేపు పొద్దుగాల బకెట్లు తీస్కొని పోతున్న. పిల్లలు వస్తరు. నువ్వు వస్తవో రావో నీ ఇష్టం. వస్తే నీ పేరు నువ్వే కడగాలె. పిల్లలతోని కడిగించను, బాగుండది."

శాంసన్ ఆ మధ్యాహ్నమంతా మంచం మీద వాలి లెక్క వేశాడు. పోకపోతే కార్పొరేటర్ పేరును పెండ్లామే కడిగేసిందని ఉప్పల్ దాకా పాకుతుంది. పోతే కార్పొరేటర్ తన పేరు తనే కడుక్కున్నాడని పాకుతుంది. నష్టం రెండువైపులా ఉంది. తేడా ఒక్కటే. ఒకదాంట్లో నిస్సీ అవతలి పక్కన ఉంటుంది, ఇంకోదాంట్లో ఇవతలి పక్కన. ఎన్నిసార్లు వేసినా లెక్క అక్కడికే వచ్చి ఆగింది.

సోమవారం పొద్దున, బడి గంట కొట్టకముందే, అతను లుంగీ ఎగ్గట్టి గోడ ముందు నిలబడ్డాడు. దుకాణం నుంచి కొబ్బరి పీచు బ్రష్షులు తనే తెచ్చాడు. పిల్లలు అతన్ని చూసి కాస్త దూరంగా జరిగారు. నిస్సీ ఒక బకెట్ అతని వైపు తోసింది. నీళ్లు కొట్టగానే తన పేరులోని మొదటి అక్షరం నీలంగా కారి కాళ్ల మీద పడింది. షేర్ ఆటోలు నెమ్మదించి, లోపలివాళ్లు మెడలు సాచి చూసి పోయారు. శాంసన్ వెనక్కి తిరగలేదు. రుద్దుకుంటూ పోయాడు. ఆకుపచ్చ బర్రె కొమ్ములు బయటికొచ్చాయి. వెనక ఒక పిల్ల ఎగిరింది, పాపమ్మ మనవరాలే అయి ఉండాలి. "అక్కా, వచ్చింది, మొత్తం వచ్చింది" అంది. అక్కా అంది. పీచు పట్టుకున్నది శాంసన్, పిలుపు నిస్సీకి. అతని పళ్లు కాస్త బిగిశాయి, రుద్దుడు ఆగలేదు.

బజ్జీల బండి తేలింది. పంక్చర్ దుకాణం టైర్లు తేలాయి. మధ్యలో ఉన్న ఖాళీ కూడా తేలింది. దగ్గర నుంచి చూస్తే అది ఖాళీ కాదు. బూడిద రంగు మీద అడ్డంగా సన్నగీతలు, పైనుంచి కిందిదాకా. కింద రెండు పక్కలా రెండు తాళాలు. దూరం నుంచి కనబడని పని. ఊదా జీర కొట్టే ఆ బూడిద రంగును అతను ఎక్కడున్నా గుర్తుపట్టగలడు. మిలిటరీ ఆయన వదిలేసి పోయిన డబ్బా అది.

"ఇది నా దుకాణమా?" అన్నాడు.

"మరి?" అంది నిస్సీ, పక్కన గోడ రుద్దుతూ. "నువ్వు తెరిచేసరికి వీళ్లు బడిల ఉంటరు. బడికొచ్చే యాళ్లకు వీళ్లు ఎన్నడూ నీ దుకాణం తెరిచింది చూడలే. షట్టరే చూసిన్రు, షట్టరే వేసిన్రు. సరిగ్గ చూడలేదని చెప్పిన గదా ఆ రోజు."

అతను తడి వేలును షట్టర్ గీత ఒకదాని వెంట ఈ చివర నుంచి ఆ చివరకు నడిపాడు. గీతలు స్కేలు పెట్టి గీసినట్టు చక్కగా ఉన్నాయి. ఎవరో ఓపిగ్గా కూర్చుని వేసిన పని.

స్కూటర్ వచ్చి ఆగింది. గోపాలరావు హెల్మెట్ తీసి, గోడను, లుంగీలో ఉన్న కార్పొరేటర్‌ని మార్చి మార్చి చూశాడు.

"శాంసన్ గారూ, ఏంటండీ ఇది? మీ పేరు మీరే కడుక్కుంటున్నారు?"

"గోడ మాది కాదండీ. తప్పు రాయించిన."

"అది కాదు, పైవాళ్లు మళ్లీ ఫోన్ చేశారు. టికెట్ సంగతి మీతో ఒకసారి..." గోపాలరావు గొంతు తగ్గించాడు.

ఆ మాట చెవిలో పడగానే పాత అగ్గి మళ్లీ లేచింది. తనకు కావాలని, ఇంకో ఐదేళ్లు కావాలని, ఇప్పుడైనా ఒక్క మాట అడ్డం వేస్తే పని తనవైపు తిరుగుతుందని నాలుక చివరిదాకా వచ్చింది. బకెట్‌లో పీచు ముంచి, పిండి, మళ్లీ ముంచాడు.

"నాతోని ఏముంది? టికెట్ ఎవరికిస్తున్నరో వాళ్లనే అడగాలె. ఆమె ఆ పక్కనే ఉంది."

గోపాలరావు అటు నడిచాడు. శాంసన్ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు గానీ, చెవులు మాత్రం అక్కడే ఉన్నాయి. నిస్సీ ఏదో అంది. గోపాలరావు "అట్లాగేనండీ, చాలా సంతోషమండీ" అన్నాడు. పిల్లలు ఎందుకో చప్పట్లు కొట్టారు. శాంసన్‌కి ఛాతీలో ఎక్కడో సున్నం పడ్డ కన్నులా మండింది. ఆ మంట ఈ ఒక్క పొద్దుతో పోయేది కాదని అతనికి తెలుసు. పోస్టర్ల మీద ఆమె ఫోటో పెద్దదిగా, తనది మూలన చిన్నదిగా ఉండే రోజు కూడా అప్పుడే కళ్ల ముందుకు వచ్చేసింది. ఆ మూల ఎడమదా కుడిదా అన్న సంగతి కూడా ఆలోచించాడు. రుద్దుడు జోరు పెరిగింది.

"మెల్లగ" అంది నిస్సీ, వచ్చి పక్కన నిలబడి. "గట్ల రుద్దితే బొమ్మ పోతది."

"పోదు" అన్నాడు శాంసన్, పీచు ఆపకుండా. "నా దుకాణం ఎనామిల్ అది. నేను ఏరి ఇచ్చిన. నాతోనే పోలే, ఇగ దేనితోని పోతది?"